సంతకానికి ఊరుంటుందా?

అమెరికాలో లైసెన్సున్న సివిల్ ఇంజనీర్లు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారేటప్పుడు "లైసెన్సు ట్రాన్స్‌ఫర్" అంటుంటారు. వాడుకలో ఉంది కానీ మాట సరైంది కాదు. గ్యాస్ కనెక్షన్ మార్పించుకున్నట్టు అక్కడ ఏదీ ఎక్కడికీ మారదు. కొత్త రాష్ట్రపు బోర్డు పాత కాగితాలన్నీ తిరగేసి, నచ్చితే తన లైసెన్సు తను మళ్ళీ ఇస్తుంది. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు "కామిటీ". అంటే మర్యాద. ఒక రాష్ట్రం మాటకి ఇంకో రాష్ట్రం ఇచ్చే మర్యాద అన్నమాట. హక్కని అడగడానికి లేదు.

మా బావ టెక్సస్‌లో బ్రిడ్జిలు డిజైన్ చేస్తాడు. కాలిఫోర్నియాలో ఉద్యోగం వచ్చింది. అక్కడ సివిల్ లైసెన్సు కావాలంటే భూకంపాల మీద ఒక పరీక్ష, సర్వేయింగ్ మీద ఇంకొకటి రాయాలి. "టెక్సస్‌ల నిలబడ్డ బ్రిడ్జి కాలిఫోర్నియల పడిపోతదారా? భూమ్యాకర్షణ గూడ రాష్ట్రానికొకటి ఉంటదా?" అని ఫోన్లో ఒకటే గోల.

ప్రశ్న మాత్రం మంచిది. చదువుకి సరిహద్దు లేనప్పుడు, ఆ చదువు వచ్చని చెప్పే కాగితానికి సరిహద్దు ఎందుకుండాలి?

సులువైన జవాబు ఒకటుంది: నేల వేరు. అలాస్కాలో లైసెన్సు కావాలంటే గడ్డకట్టిన నేల మీద కట్టడాల గురించి ఒక కోర్సు చదివి ఉండాలి. పాతబస్తీలో పుట్టినవాడికి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. ఇక్కడి పాత గోడలు డంగుసున్నంతో కట్టినవి. సిమెంటు తప్ప వేరే తెలియని ఇంజనీరు వచ్చి వాటికి సిమెంటు ప్లాస్టరు కొట్టిస్తే చెమ్మ లోపలే ఉండిపోయి, గోడ లోపల్నుంచి గుల్లవుతుంది. లెక్క తప్పు కాదు, ఊరు తెలియకపోవడం.

కానీ ఈ జవాబు సగమే. ఏ అదనపు పరీక్షా పెట్టని రాష్ట్రాలు కూడా తమ లైసెన్సు తీసుకోమనే అంటాయి. అక్కడ వాళ్ళు అడుగుతున్నది "నీకేం తెలుసు" అని కాదనుకుంటాను. "రేపేదైనా అయితే నిన్నెక్కడ పట్టుకోవాలి" అని. అమెరికాలో ఇంజనీర్లకు మొదటి లైసెన్సు చట్టం 1907లో వయోమింగ్‌లో వచ్చింది. నీటి హక్కుల కోసం దాఖలయ్యే పటాలను ఎవరు పడితే వాళ్ళు, లాయర్లు కూడా, గీసి సంతకం పెట్టేస్తుండటం దానికి కారణం. టెక్సస్‌లో 1937 మార్చిలో న్యూ లండన్ అనే ఊళ్ళో గ్యాస్ లీకై బడి పేలిపోయింది. మూడొందల మంది దాకా చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ ఏడాదే చట్టం వచ్చింది. మా బావ జేబులో ఉన్న లైసెన్సు ఆ బడి శిథిలాల్లోంచి వచ్చిందే.

వయోమింగ్ చట్టం వచ్చిన మరుసటేడు, 1908 సెప్టెంబరులో మూసీ పొంగింది. నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. మైసూరు మనిషి, చదువు పుణెలో, ఉద్యోగం బొంబాయి ప్రెసిడెన్సీలో. హైదరాబాదు వేరే రాజ్యం, వేరే నాణెం, వేరే చట్టం. ఆయన్ని ఎవరూ పరీక్ష రాయమనలేదు. ఆయన చూసి, ఎగువన జలాశయాలు కట్టమని చెప్పి, 1909లోనే మైసూరు వెళ్ళిపోయారు. ఉస్మాన్‌సాగర్ 1920కి, హిమాయత్‌సాగర్ 1927కి పూర్తయ్యాయి. లైసెన్సుల వల్ల ఒరిగేదేం లేదనేవాళ్ళు ఈ కథే చెప్తారు. నాకు ఇందులో వేరేది కనిపిస్తుంది. సలహా ఊరు దాటింది, పూచీ మాత్రం దాటలేదు. కట్ట తెగితే జవాబు చెప్పాల్సింది ఇక్కడే ఉన్న సర్కారు, దాని ఇంజనీర్లు.

ఇక మన సంగతి. 1972 నాటి చట్టం ప్రకారం రిజిస్టరు కానివాళ్ళు ఆర్కిటెక్టునని చెప్పుకోకూడదు. లాయరుకి బార్ కౌన్సిలుంది, డాక్టరుకి మెడికల్ కౌన్సిలుంది. ఇంజనీరుకి దేశం మొత్తానికీ అలాంటి చట్టం లేదు. బిల్డింగు ప్లాన్ల మీద సంతకం పెట్టేవాళ్ళకి మున్సిపాలిటీ ఇచ్చే లైసెన్సు ఒకటుంది, అంతే. మిగతా మేమంతా బీటెక్ పాసైన రోజు నుంచీ ఇంజనీర్లమే. నేనూ!

మా ఇల్లు గౌలిపురాలో, డెబ్భై గజాలు, కింద ఒకటి పైన ఒకటి. నాన్న దాని మీద ఇంకో అంతస్తు వేద్దామంటాడు. 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం డెబ్భై అయిదు గజాల లోపు అయితే పర్మిషన్ అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టరు చేసుకుంటే చాలు. అదీ ఒకే అంతస్తు పైన, ఏడు మీటర్ల ఎత్తులోపు. నాన్న మొదటి వాక్యం దగ్గరే చదవడం ఆపేశాడు.

మా గల్లీ మేస్త్రీని అందరం చాచా అంటాం. ఆయనకి ఏ లైసెన్సూ లేదు కానీ అడ్రసుంది. తను కట్టిన ఇళ్ళ ముందు నుంచే రోజూ నమాజుకి వెళ్తాడు, కురిస్తే ఆ ఇంటివాళ్ళు అక్కడే నిలదీస్తారు. బోర్డులు కాగితం మీద తెచ్చుకోవాలని చూసేది ఈ గల్లీనే. ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య, నిలదీయడానికి ఒక చోటు.

కానీ చాచాని మూడో అంతస్తు గురించి అడిగితే ఏమన్నాడో వినండి. "నేనొద్దంటే మీ నాయిన ఇంకొకన్ని తెస్తడు బేటా. గల్లీల మొహాలు చూసుకోవాలె కదా." అడ్రసే ఆయన నోరు కట్టేసింది. సంతకానికి అసలు విలువ పెట్టకుండా ఉండగలగడంలో ఉందని నాకనిపించింది ఇక్కడే. ఆ పని గల్లీ మనిషి చెయ్యలేడు. బయటివాడే చెయ్యాలి, అదీ ఇక్కడ జవాబుదారీ ఉన్న బయటివాడు.

బావకి వీడియోలో ఇల్లంతా చూపించాం. నాన్న "ఒక్క మాట చెప్పు అల్లుడా, పడ్తదా, నిలబడ్తదా?" అని పట్టుబట్టాడు. బావ నసిగి నసిగి, "నాకక్కడ లైసెన్సు లేదు మామా" అన్నాడు. సరిహద్దుల్ని అంత తిట్టినవాడు సరిహద్దు వెనక దాక్కున్నాడని నాన్నకి కోపం. నాకైతే ఆ రోజు బావ మీద గౌరవం పెరిగింది. వేల కిలోమీటర్ల అవతల కూర్చుని ఇంటి బరువు గురించి ఔననడం ఎంత సులువు!

నా వృత్తిలో అందరం అలాగే ఔనంటాం. సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకీ లైసెన్సు ఉండాలని అమెరికాలో 2013లో ఒక పరీక్ష పెట్టారు. అన్నేళ్ళలో వందమంది కూడా రాయలేదు. 2019లో ఎత్తేశారు. నేను రాసిన కోడ్ ఏ ఆస్పత్రి బిల్లింగులో, ఏ దేశంలో నడుస్తోందో నాకే తెలియదు. దాని మీద నా సంతకం లేదు, దానికి ఊరు అసలే లేదు. "ఇది విడుదల చెయ్యను" అని చెప్పే అధికారం నాకుంటే ఎన్నిసార్లు వాడేవాణ్ణో, ఉద్యోగం ఎన్నాళ్ళుండేదో కూడా చెప్పలేను.

2025 మే 18న గుల్జార్‌హౌజ్ దగ్గర ఒక ఇల్లు తగలబడి 17 మంది చనిపోయారు. మా ఇంటికి దూరమేం కాదు. ఆ తర్వాత నాన్న మెత్తబడి, మున్సిపల్ లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవడానికి ఒప్పుకున్నాడు. ఆయన వచ్చి పిల్లర్లు కొట్టి చూసి, పునాది చూడకుండా ఏమీ రాయనన్నాడు. డ్రాయింగులు లేవు. ఎవరు కట్టారో చెప్పడానికి తాత లేడు. మర్నాడు పొద్దున మూల పిల్లరు పక్కన గుంత తవ్వారు. తవ్వింది చాచానే. నాలుగడుగులకే పునాది అయిపోయింది. ఇంజనీరు వంగి చూసి, ఫోటో తీసుకుని, ఫీజు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. చాచా ఏమీ మాట్లాడకుండా గుంత పూడ్చి, పైన బండ సరిచేశాడు.