దోషం జుట్టుదా, చూపుదా?

అమెరికాలోని నల్లజాతి కుటుంబాల్లో తరతరాలుగా తల్లులు లోహపు దువ్వెనను పొయ్యి మీద వేడిచేసి, కూతుళ్ల ఉంగరాల జుట్టును సాపు చేస్తూ వచ్చారు. వేడికి సాగిన వెంట్రుక తడి తగలగానే తన సహజ రూపానికి తిరిగొస్తుంది. వేడి మితిమీరితే మాత్రం శాశ్వతంగా దెబ్బతింటుంది.

అలంకరణ తప్పు కాదు. కాని అది ఇష్టంతో చేసుకున్నదా, అవమాన భయంతో చేసుకున్నదా అన్నది మనం ఆలోచించాలి. బిడ్డను లోకం చిన్నచూపు చూస్తుందేమోనని దువ్వెన పట్టిన తల్లిని మనం నిందించలేము. దోషం ఆ చూపుది.

సహజమైన జుట్టును బట్టి వివక్ష చూపడాన్ని 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం చట్టరీత్యా నిషేధించింది. అయితే ఇంట్లోని ఎగతాళిని మాన్పించడం చట్టం వల్ల కాదు. మన పిల్లల జుట్టునో, రంగునో వెక్కిరించే ముందు ఒక్క క్షణం ఆగుదాం. రూపాన్ని వెక్కిరిస్తే, ఆ రూపాన్ని ఇచ్చిన సృష్టికర్తను ఏమన్నట్లు?