మాట కోసం ఆగుదామా?



తలకు గట్టి దెబ్బ తగిలి బతికి బయటపడినవారి గురించి మనం అడిగేది ఒకటే: "మళ్ళీ మునుపటిలా ఎప్పుడవుతారు?" ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది, తొందరా ఉంది. ఎదుటి మనిషికి వాటిలో ఏది ముందు వినబడుతుందో ఆలోచించండి.

2011 జనవరి 8న అరిజోనాలోని టూసాన్‌లో, అమెరికా ప్రతినిధుల సభ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ తలలోంచి తూటా దూసుకుపోయింది. ఎడమవైపు మెదడు దెబ్బతింది. చాలామందిలో భాషను నడిపేది ఆ వైపే. శస్త్రచికిత్స ఆమె ప్రాణం నిలిపింది. కానీ పోయిన మాటను తెచ్చే మాత్ర లేదు. హ్యూస్టన్‌లోని పునరావాస ఆసుపత్రిలో స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీతో పాటు పాట కూడా చికిత్స అయింది. పాటలో కుడివైపు మెదడు కూడా పనిచేస్తుంది కాబట్టి, మామూలుగా పలకలేని మాటను కొందరు రాగంలో పలకగలరు. చేత్తో తాళం వేయిస్తూ, రాగంతో మొదలుపెట్టి, మెల్లగా రాగం తగ్గించి మాటగా మార్చే పద్ధతి 1970లలోనే వచ్చింది.

నా ఉద్యోగంలో సర్వర్ పాడైతే బ్యాకప్ నుంచి తిరిగి తెస్తాం. మెదడుకు బ్యాకప్ లేదు. మిగిలిన భాగాలే కొత్త దారులు వేసుకోవాలి, అదీ ఒకే పనిని వందలసార్లు చేస్తేనే. అంటే ఈ చికిత్సకు కావలసింది పక్కనున్నవారి సమయం.

మరి ఆయన వాక్యం మధ్యలో ఆగితే, మనం పూర్తి చేయడం సాయమేనా? కొన్నిసార్లు అవును. ఆయన అలసిపోయి మన వైపు చూస్తే మాట అందించాలి. థెరపిస్టు కూడా మొదటి అక్షరం అందిస్తారు. కానీ ఆ తర్వాత ఆగుతారు. మనం ఆగం. ఆయన ఎదురుగానే కూర్చుని ఉండగా, "అన్నయ్య ఎలా ఉన్నారు వదినా?" అని అడుగుతాం. ఇబ్బంది పెట్టకూడదనే అడుగుతాం. కానీ దాంతో ఆయన వంతు మాట పోతుంది.

2013 జనవరిలో గిఫర్డ్స్ సెనేట్ కమిటీ ముందు చిన్న చిన్న వాక్యాల్లో మాట్లాడారు. ఆమె మాట ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. అయినా చెప్పదలచుకున్నది చెప్పారు, వినేవారు ఆగి విన్నారు. మునుపటిలా కావడమే గురి అయితే, ఆ రోజును ఓటమి అనాలి. నేను అనలేను.

ఇక్కడి థెరపిస్టులకు తెలుగు రాదు. మన పెద్దవాళ్ళకు చిన్నప్పటినుంచి నోటికి వచ్చిన కీర్తనలు వారికి తెలియవు. ఆ పాటలు తీసుకెళ్ళి, పక్కన కూర్చుని, నెమ్మదిగా తాళం వేసి పాడగలిగేది మనమే. ఈ వారం ఎవరింటికైనా అలా వెళ్ళేటప్పుడు పండ్లతో పాటు ఓ గంట తీరిక కూడా పట్టుకెళ్ళండి.