చిల్లర ధర్మము

మన భాషలో చిల్లర యను మాటకు రెండర్థములు గలవు. రూపాయిని మార్చగా వచ్చెడు చిన్న నాణెములు చిల్లర. లెక్కకు రాని పని, విలువలేని నడవడి, ఇవియు చిల్లరయే. నేటి మన వర్తనము చూడగా ఈ రెండవ యర్థము మొదటిదానిని మ్రింగివేయుచున్నట్లు తోచుచున్నది. చేతిలో ఫోను గలవానికి జేబులో నాణెము బరువైనది. రూపాయి బిళ్ళ క్రింద పడినచో వంగి తీయువారు అరుదైరి. ఇక ఈ చిన్న నాణెముతో మనకు పని యున్నదా? ఇది లెక్కలకు సంబంధించిన ప్రశ్నయని పలువురు తలంతురు. ధర్మమునకు సంబంధించినదని మా మనవి.

బందరువారికి నాణెము కొత్తది కాదు. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును మచిలీపట్టణమున వర్తక స్థావరములు నెలకొల్పుకొనిరి. కలంకారీ వస్త్రములు ఓడలకెక్కిన ఆ రేవుపట్టణమున టంకశాల కూడ నుండెడిది. నేడు మనము ధనమున కంతటికిని వాడుచున్న ‘డబ్బు’ అను మాట యొకనాడు ఒక రాగినాణెము పేరు. దక్షిణదేశపు ‘కాసు’ను పరదేశ వర్తకులు ‘క్యాష్’ అని పలికిరి. కనుక ధనమునకు మనము పెట్టుకొన్న పేరు రాజుల బొక్కసములోని బంగారు నాణెముది కాదు. సంతలో సామాన్యుని చేత నలిగిన నాణెముది.

1957 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము రూపాయికి పదునాఱణాలు, అణాకు పండ్రెండు పైలు. ఆనాటినుండి రూపాయికి నూఱు పైసలైనవి. అణా పోయి అఱువది యేండ్లు దాటినను నిండుదనమును నేటికిని ‘పదహారణాలు’ అనియే చెప్పుచున్నాము. 2011 జూన్ 30తో పావలా కూడ చెల్లుబాటు కోల్పోయెను. ధరలు పెరిగిన కొలదిని అడుగు నాణెము రాలిపోవుట సహజము. దానికై విలపింప బనిలేదు. మా ప్రశ్న వేఱు. చట్టమున ఇంకను చెల్లుచున్న నాణెమును, దానితో ఇంకను పనిగల మనుష్యులుండగా, మనము చెల్లనిదానివలె చూచుట తగునా?

ఎదుటి పక్షమువారి మాట ముందుగా న్యాయముగా చెప్పవలెను. 2016లో మొదలైన యూపీఐ చెల్లింపుల పద్ధతి చిన్న వర్తకునికి గొప్ప మేలు చేసినది. పూర్వము చిల్లర లేదను నెపమున దుకాణదారు మనకు అక్కఱలేని చాక్లెట్టును చేతిలో పెట్టెడివాడు. బస్సు కండక్టరు రావలసిన రెండు రూపాయలను టిక్కెట్టు వెనుక వ్రాసియిచ్చెడివాడు. దిగు తొందరలో సగముమంది దానిని మఱచెడివారు. కండక్టరు దొంగయనుట కాదు, అతనికిని చిల్లర దొరకదు. అయినను ఒకరి రెండు రూపాయలు మఱియొకరి సంచిలో మిగిలినవి. నేడు ఫోనుతో పైసలతో సహా సరిగా చెల్లును. 2020 జనవరినుండి ఇట్టి చెల్లింపులకు వర్తకుడు రుసుము కూడ ఇచ్చుకొన నక్కఱలేదు. రాత్రివేళ సొమ్ము మూటగట్టుకొని ఇంటికి నడచు టీకొట్టువానికి దొంగల భయము తగ్గినది. ఇవన్నియు నిజములు. వీనిని కాదనువాడు పాతదియంతయు మంచిదనెడు మూఢుడు.

అయినను మాకు కలిగిన యొక అనుభవమును చదువరులకు విన్నవింపవలసియున్నది. కొన్ని నెలల క్రిందట ఒక యుదయము బందరులో చేపలమ్ము ఒక వృద్ధురాలివద్ద మెత్తళ్ళు తీసికొంటిమి. ఎనుబది రూపాయలైనవి. అలవాటు చొప్పున జేబులో ఫోను తప్ప మఱేమియు లేదు. ఆమె గంపకు ప్రక్కగా గళ్ళ బొమ్మ అచ్చువేసిన అట్టముక్క యొకటి వ్రేలాడుచుండెను. ఫోను దానికి చూపగా తెరపై ఒక పురుషుని పేరు వచ్చెను.

“ఎవరి పేరమ్మా యిది?” అంటిమి.

“మా పెద్దోడిది బాబూ. డబ్బులు ఆడి ఖాతాలో పడతాయి. సాయంత్రం ఆణ్ణడిగి తీసుకోవాలి.”

“అడిగితే ఇవ్వడా?”

“ఎందుకివ్వడూ, ఇత్తాడు. ఎందుకమ్మా అని అడిగి ఇత్తాడు.”

ఆమె నిందగా చెప్పలేదు. నవ్వుచు మెత్తళ్ళను ఆకులో చుట్టియిచ్చెను. కుమారుడు దుర్మార్గుడు కాడు. ఆ అట్టముక్క తల్లి సౌకర్యమునకే తెచ్చిపెట్టియుండును. అయినను ‘ఎందుకమ్మా’ అను ఆ యొక్క ప్రశ్న మాతో ఇంటికి వచ్చినది. తెల్లవాఱుజామున లేచి, చేపలు బేరమాడి, గంప నెత్తిన మోసి, ఎండలో కూర్చుండి సంపాదించినది ఆమె. ఆ సంపాదనను వాడుకొనుటకు కారణము చెప్పుకొనవలసినదియు ఆమెయే. ఎనుబది రూపాయలను ఆమె చేతికి గాక కుమారుని ఖాతాకు పంపినవారము మేము. ఇందు మేము చేసిన దోషమేమని అడిగినచో చట్టము ఏమియు లేదనును. మనస్సు అట్లనలేదు.

చిల్లరకు గల గుణమిది: అది ఎవరి చేతిలో పడునో వారిదే యగును. దానికి పేరు లేదు, సంతకము లేదు, మధ్యవర్తి లేడు. కొంగున ముడివేసికొన్న యిరువది రూపాయలకు ఏ భర్తయు, ఏ కొడుకును లెక్క యడుగడు. మనుమనికి జీళ్ళు కొనిపెట్టుటకు, మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి హుండీలో వేయుటకు, పొరుగింటి బాలింతకు గ్రుక్కెడు పాలు తెచ్చియిచ్చుటకు ఆమె యెవరి యనుమతియు కోరనక్కఱలేదు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెలకును కుమారులతో సమానమైన హక్కునిచ్చు శాసనము మన రాష్ట్రమున 1986లో చేయబడి 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి వర్తించినది. అది గొప్ప సంస్కారము. కాని పొలము లేని స్త్రీకి ఆ శాసనము వలన కలిగిన లాభమేమి? ఆమెకు గల స్త్రీధనమంతయు కొంగుముడియే.

ఆ ముడి యెంత బలహీనమైనదో 2016 నవంబరు 8వ తేదీ రాత్రి తెలిసినది. అయిదువందలు, వేయి రూపాయల నోట్లు ఆ రాత్రితో చెల్లవని ప్రభుత్వము ప్రకటించినది. చెలామణిలోని నోట్ల విలువలో నూటికి ఎనుబదియాఱు పాళ్ళు ఆ రెండు నోట్లే. పోపులపెట్టెలలో, బియ్యపు డబ్బాల అడుగున, పాత చీరల మడతలలో ఏండ్ల తరబడి గృహిణులు దాచుకొన్న సొమ్ము ఒక్కసారి వెలికి వచ్చెను. బ్యాంకునకు పోవలెనన్న భర్తకో కొడుకునకో చెప్పవలెను. “నాకు తెలియకుండ ఇంత దాచితివా!” అని నవ్విన భర్తలు కొందఱు, కసరినవారు కొందఱు. భర్త త్రాగుడునుండి, అత్తింటి ఖర్చునుండి బిడ్డల చదువునకై కాపాడిన సొమ్మును దొంగసొమ్ము ననవచ్చునా? మగని జేబులోని రూపాయి దాపరికము కానప్పుడు, ఆలి పోపులపెట్టెలోని రూపాయి దాపరికమెట్లగును?

ఇక్కడ కొందఱు ఇట్లనవచ్చును. “ఆమె పేరనే ఖాతా తెఱువుడు, ఆమెకే ఫోను కొనియిండు, చిల్లరతో పనియేమి?” ఈ మాట మాకును సమ్మతమే. బ్యాంకును చూచి బెదరు ఊరు కాదు మాది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రాబ్యాంకును స్థాపించినది బందరులోనే. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమైనది గాని, పొదుపు విద్యను ఈ సీమకు నేర్పిన కీర్తి దానికి కలదు. కావున ప్రతి స్త్రీకిని తన ఖాతా యుండవలెను. దానిని స్వయముగా చదివి నడుపుకొను విద్యయు ఉండవలెను. కాని విద్య రాకముందే ఫోను వచ్చినది. అక్షరము రానిదానికి ఫోనులో వచ్చు సందేశమును చదివి చెప్పువాడెవడు? ఆ కుమారుడే. రహస్య సంఖ్య నొక్కువాడెవడు? వాడే. నాణెమును చదువుటకు అక్షరములు అక్కఱలేదు. చూపు మందగించిన ముసలమ్మయు వ్రేళ్ళతో తడిమి పోల్చుకొనును. విద్య వచ్చువఱకు ఈ యూతకఱ్ఱను లాగివేయుట న్యాయము కాదు.

ఫోనుల మాట అట్లుంచి, నాణెమును నాణెముగానే నిరాకరించు వింత యొకటి మన సీమలో కొన్నేండ్లు సాగినది. పదిరూపాయల బిళ్ళ చెల్లదను వదంతి ఎట్లు పుట్టినదో గాని, అంగడివాండ్రు దానిని చూచి తలయూపి త్రోసివేయుచుండిరి. పదునాలుగు నమూనాలలో వచ్చిన ఆ నాణెములన్నియు చెల్లునని రిజర్వుబ్యాంకు 2018 జనవరిలో స్పష్టముగా ప్రకటించినది. 2011నాటి నాణెముల చట్టము ప్రకారము రూపాయియు, అంతకు పైబడిన నాణెములును వేయి రూపాయల మొత్తమువఱకు చెల్లును. అర్ధరూపాయి పది రూపాయల మొత్తమువఱకు చెల్లును. చట్టమింత తేటగా నున్నను వదంతియే గెలిచిన చోట్లు గలవు. ఇట్లు త్రోయబడిన బిళ్ళ తుదకెవరివద్ద ఆగును? కలిగినవాడు బ్యాంకునకు పంపి మార్చుకొనును. నాగాయలంకలో రొయ్యల చెఱువు గట్టున పనిచేయు కూలివాడు అందుకై ఒక పూట కూలి పోగొట్టుకొనజాలడు. అందఱు త్రోసిన నష్టము త్రోయలేనివాని చేతిలో నిలుచును. ఒక్కొక్కరు చేసినది చిన్న తప్పే. కాని చిన్న తప్పులన్నియు ప్రవహించి చేరునది పల్లమునకే. డెల్టావారికి ఈ సంగతి వేఱుగ చెప్పవలెనా?

పల్లమన్నంతనే మా సీమవారికి ఉప్పెన జ్ఞప్తికి వచ్చును. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన ముప్పదివేలమందిని పొట్టనబెట్టుకొన్నది. 1977 నవంబరు 19న దివిసీమపై పడిన ఉప్పెనలో ప్రభుత్వపు లెక్క ప్రకారమే చనిపోయినవారు పదివేలమంది. ఇప్పుడు ముందుగా హెచ్చరికలు వచ్చుచున్నవి, తుపాను ఆశ్రయములు వెలసినవి. ప్రాణనష్టము ఎంతో తగ్గినది. అయినను గాలికి స్తంభములు కూలుట మానలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు విద్యుత్తు, ఫోనులు, నోట్లిచ్చు యంత్రములు దినముల తరబడి స్తంభించినవి. అంత పెద్ద నగరమున ఖాతాలలో లక్షలున్నవారును పాలపొట్లమునకు చేతిసొమ్ము వెదకికొనిరి. అట్టి దినమున ఎదురుమొండి దీవిలోనున్నవానికి డబ్బాలోని నాలుగు నోట్లు, పిడికెడు నాణెములే దిక్కగును.

ఇది వెనుకబడిన దేశపు బెంగ యనువారు సంపన్న దేశముల వంక చూడవలెను. ఇంగ్లండులో కార్డులును ఫోనులును నగదును చాలవఱకు వెనుకకు నెట్టినవి. అయినను పెన్నీ, రెండు పెన్నీల నాణెములు ఇంక అవసరమా యని 2018లో ప్రజల యభిప్రాయమడిగిన అక్కడి ప్రభుత్వము, 2019లో వానిని ఉంచుటకే నిశ్చయించినది. జనులకు నగదు అందుబాటులోనుండునట్లు చూచు అధికారమును 2023లో శాసనము చేసి నియంత్రణసంస్థకు ఒసగినది. నగదును దాదాపు మఱచిన స్వీడను దేశము, ఆపత్కాలమునకై కొంత రొక్కము ఇంట నుంచుకొనుడని తన పౌరులకు కరపత్రములు పంచినది. ముందుగా వదలినవారు వెనుకకు చూచుచుండగా, వెనుక వదలుచున్న మనము వారి యనుభవమునుండి నేర్చుకొనరాదా?

కావున ఫోనును విడువుడని మేము చెప్పుట లేదు. మేమును విడువలేదు. విద్యావంతులైన గృహస్థులకు మా మనవి నాలుగు మాటలు. సంతకు పోవునప్పుడు కొంత చిల్లర వెంట నుంచుకొనుడు. పుచ్చుకొనువారు ఎట్లు కోరుదురో అడిగి అట్లే ఇండు. మీ యింట పనిచేయు స్త్రీకి జీతము ఎవరి ఖాతాకు పోవుచున్నదో ఒకసారి విచారింపుడు. అది ఆమెది కానిచో ఆమె చేతికే ఇండు, ఆమె పేర ఖాతా తెఱచుటకు సాయపడుడు. మీ కిచ్చిన పదిరూపాయల బిళ్ళను కాదనకుడు. ఇతరులకు రావలసిన రూపాయిని ‘రూపాయే గదా’ యని యుంచుకొనకుడు. ఆ ‘గదా’ యనవలసినది పుచ్చుకొనవలసినవారు గాని ఈయవలసినవారు కారు.

ఆ పిమ్మట ఒక ఆదివారము మరల ఆ వృద్ధురాలివద్దకు పోయితిమి. ఈసారి జేబులో నోట్లును నాణెములును ఉన్నవి. తొంబది రూపాయలకు లెక్కపెట్టి యిచ్చితిమి. ఆమె తానును ఒకసారి లెక్కపెట్టుకొని, రెండు రూపాయలు ఎక్కువ వచ్చినవని తిరిగి మా చేతిలో పెట్టి, మిగిలినది కొంగున ముడివేసికొనెను.