గాలి తిని బతికేవారు



"గాలి తిని బతుకుతామా?" అని మనం మాటవరసకు అంటుంటాం. నిజానికి అలా బతికే ప్రాణులు ఉన్నాయి. తూర్పు అంటార్కిటికాలో చెట్టూ చేమా లేని బంజరు నేల ఉంది. అక్కడి మట్టిలోని కొన్ని రకాల బాక్టీరియా గాలినుంచే శక్తిని పొందుతున్నాయని 2017లో ఆస్ట్రేలియాకు చెందిన బెలిండా ఫెరారీ, ఆమె సహచరులు ప్రకటించారు. గాలిలో హైడ్రోజన్ ఎంత? పది లక్షల పాళ్ళలో సుమారు అర పాలు. ఆ అర పాలునూ, అంతకన్నా తక్కువగా ఉండే కార్బన్ మోనాక్సైడ్‌నూ పట్టుకొని ఆ జీవులు శక్తి సంపాదిస్తాయి. బొగ్గుపులుసు వాయువుతో ఒళ్ళు కట్టుకుంటాయి. ఎండ కోసం ఎదురుచూడవు. ఒకరి ఎంగిలి ముట్టని బతుకు అంటే ఇదేననిపిస్తుంది.

మనలో చాలామందికి ఇలాంటి బతుకంటే గౌరవం. "ఎవరికీ భారం కాకుండా పోతే చాలు" అని మన పెద్దలు అంటుంటారు. వినడానికి వినయంగానే ఉంటుంది. కాని ఒకరి మీద ఆధారపడటం తక్కువతనం అనే తలంపు ఆ మాట వెనుక ఉంది. అది సరైనదేనా?

ఈ తలంపు పాతదే. ఉదాత్తుడైన మనిషి ఉపకారం చేయడానికి ఇష్టపడతాడు, పొందడానికి సిగ్గుపడతాడు అని అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో రాశాడు. చేసిన మేలు గుర్తుంచుకొని, పొందిన మేలు మరచిపోతాడట! మన కాలపు తత్వవేత్త అలాస్‌డేర్ మాకింటైర్ 1999లో ఒక పుస్తకమే రాసి దీన్ని కాదన్నాడు. పసితనంలో, జబ్బులో, ముసలితనంలో మనం ఇతరుల చేతుల్లోనే ఉంటాం. ఆ సంగతి పక్కనబెట్టి మనిషి గురించి చెప్పేది మనిషి గురించి చెప్పినట్టు కాదని అతని వాదన. నాకు మాకింటైర్ మాటే సబబుగా తోస్తుంది. అయితే ఆధారపడటంలోనూ రకాలున్నాయి. అది తెలియాలంటే మన చేలలోని మట్టిని చూడాలి.

గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే. వేరుశనగ మొక్క నిలువెల్లా అందులో మునిగి ఉన్నా, నేరుగా ఒక్క రవ్వ కూడా తీసుకోలేదు. నత్రజని పరమాణువులు రెండేసి చొప్పున మూడు బంధాలతో బిగిసి ఉంటాయి. వాటిని విడదీయడానికి ఎరువుల కర్మాగారంలో దాదాపు 400 డిగ్రీల వేడి, మామూలు గాలి పీడనానికి వంద రెట్లకు పైగా ఒత్తిడి కావాలి. రైజోబియం వర్గపు బాక్టీరియా అదే పనిని మామూలు మట్టి చల్లదనంలో చేస్తుంది. అదీ ఒంటరిగా కాదు. వేరుశనగలో పిల్లవేళ్ళు చీల్చుకొని వచ్చేచోట ఏర్పడే పగుళ్ళలోంచి అది లోపలికి వెళుతుంది. మొక్క దానికి బుడిపె అనే గది కట్టి, ఆకులు వండిన చక్కెరను పంపుతుంది. ఇక్కడొక చిక్కు ఉంది. బాక్టీరియా ఊపిరి తీసుకోవడానికి ఆక్సిజన్ కావాలి. కాని ఆక్సిజన్ ఎక్కువైతే నత్రజనిని విడదీసే పదార్థం పాడైపోతుంది. అందుకని మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన ఒక ఎర్రని పదార్థం ఆ బుడిపెలో తయారై, ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, కొద్దికొద్దిగా అందిస్తుంది. ఈసారి వేరుశనగ పీకినప్పుడు ఒక బుడిపెను గోటితో చిదిమి చూడండి. లోపల ఎర్రగా ఉంటే పని సాగుతున్నట్టు.

ఈ పని జరిగేటప్పుడు కొంత హైడ్రోజన్ కూడా పుట్టి బయటకు పోతుంది. గాలిలోని హైడ్రోజన్‌లో కొంత ఇలా పుట్టిందే. కొంత కట్టెల పొగలోది. కొంత, మన వరిమళ్ళ నుంచీ పశువుల నుంచీ వెలువడే మీథేన్ వంటి వాయువులు గాలిలో మార్పు చెందగా వచ్చింది. కాబట్టి అంటార్కిటికాలోని ఆ ఒంటరి జీవి తినేది కూడా ఎంగిలే!

ఇక్కడితో ఆపి, "చూశారా, మట్టిలో ఎంత ప్రేమ!" అనవచ్చు. కాని అది నిజం కాదు. 2003లో అమెరికాలో టోబీ కీర్స్, ఆమె సహచరులు సోయాచిక్కుడు బుడిపెలకు నత్రజని లేని గాలిని అందించారు. పాపం, బాక్టీరియా తప్పు లేకుండానే పని ఆగిపోయింది. మొక్క ఆ బుడిపెలకు ఆక్సిజన్ తగ్గించేసింది. వాటిలో బాక్టీరియా సంతతి దాదాపు సగానికి పడిపోయింది. యూరియా దండిగా వేసిన చేలో కూడా మొక్క బుడిపెలు కట్టడం తగ్గిస్తుంది. అవసరం తీరితే చుట్టరికం లేదు.

మొక్కను నేను తప్పుపట్టడం లేదు. దానికి మంచి చెడ్డలు లేవు. ప్రకృతిలో జరిగేదంతా మనం చేయదగినదే అనుకోవడం తర్కానికి నిలవదు. నన్ను బాధించేది మన ఇళ్ళలో కూడా ఈ లెక్క నడవడం. పని చేయగలిగినన్నాళ్ళు, పింఛను వచ్చినన్నాళ్ళు ఒక మర్యాద, తరువాత ఇంకొకటి. ఎవరూ గాలి ఆపరు. మాటలు తగ్గుతాయి, గదిలోకి వచ్చే అడుగులు తగ్గుతాయి. పెద్దలు ఆ లెక్కను మనకంటే ముందే పసిగడతారు. భారం కాకుండా పోవాలన్న కోరికలో వినయం కొంతే, భయమే ఎక్కువ అని రోగులను చూడటానికి వెళ్ళిన ఇళ్ళలో నాకు చాలాసార్లు అనిపించింది. ఏమీ తిరిగి ఇవ్వలేని మనిషిని ఇంటిమనిషిగానే ఉంచుకోవడం సోయామొక్కకు చేతకాదు. మనకు చేతనవును.

కొందరు పెద్దలు సాయంత్రం కాగానే మంచినీళ్ళు మానేస్తారు. డాక్టరు చెప్పి కాదు. రాత్రివేళ మరుగుదొడ్డికి తీసుకువెళ్ళమని కొడుకునో కోడలినో లేపవలసి వస్తుందని. మీ ఇంట్లో ఎవరైనా చీకటి పడగానే "నాకు దాహం లేదు" అంటుంటే, ఆ మాట వెంటనే నమ్మకండి.