పశువును వంచించుట ధర్మమా?

తోటిమనుష్యుని మోసగించుట పాపమని ఎల్లరును అంగీకరింతురు. నోరులేని పశువును మోసగించుట మాటేమి? ఈ ప్రశ్నను నా పూర్వవిద్యార్థి యొకడు జాబులో అడిగినాడు. అతడు స్కాట్లండు దేశమున ఎడింబరోలో, 1823లో వెలసిన పశువైద్య కళాశాలలో చదువుచున్నాడు. గొఱ్ఱెలు ఈను వసంతకాలమున అచ్చటి విద్యార్థులు రైతుల యొద్దకు పోయి పని నేర్తురు.

ఒకనాటి రాత్రి ఒక గొఱ్ఱె చచ్చిన పిల్లను ఈనినదట. ప్రక్క దొడ్డిలో తల్లిని కోల్పోయిన పిల్ల యొకటి ఆకలితో అరచుచుండెను. గొఱ్ఱె ఈనిన కొలది గంటలలోనే తన పిల్లను వాసనచే గుర్తించును. పరాయిపిల్ల పొదుగు చేరవచ్చినచో తలతో కుమ్మి త్రోయును. రైతు చచ్చిన పిల్ల చర్మము నొలిచి, కాళ్లు దూరుటకు రంధ్రములు చేసి, అనాథకు చొక్కావలె తొడిగెను. తల్లి వాసన చూచినది, పాలిచ్చినది. రెండుమూడు దినములకు ఆ తోలు తీసివేసినను పిల్లను విడువలేదు. “గురువుగారూ, ఇది దయయా, దగాయా?” అని అతని ప్రశ్న.

ఇది విని ముక్కుపై వ్రేలు వేసికొనుటకు మనకు హక్కు లేదు. దూడ చచ్చిన గేదె ఒకపట్టున చేపదు. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి దాని యెదుట నిలుపుట మన పల్లెలు చిరకాలముగ ఎఱిగినదే. గేదె దానిని నాకుచుండగా మనము పాలు పిండుకొందుము. మోసము రెండుచోట్లను ఒకటే; కాని అచ్చట పాలు త్రాగినది గొఱ్ఱెపిల్ల, ఇచ్చట మనము. వంచనాఫలము ఎవరికి చేరుచున్నదో చూడక దాని మంచిచెడ్డలు తేల్చరాదని నా అభిప్రాయము.

అట్లని అన్యదేశీయులను ఆకాశమున కెత్తనక్కఱలేదు. ఆ పిల్లలలో పెక్కు కొన్ని నెలలకే మాంసమునకు పోవును. రాత్రియంతయు మేల్కొని బ్రదికించినది ఇందులకేనా యని మా విద్యార్థి కలతపడినాడు. ఆ కలత అతనిని విడువకుండుటయే మేలు.

మన సంగతి ఇంకను కఠినము. ఆ గొఱ్ఱెపిల్ల కానుపులో చనిపోయినది. మన గేదెదూడలు, అందును పోతుదూడలు, పలుచోట్ల పాలు చాలక చచ్చుచున్నవి. దూడను ఆకలికి అప్పగించి, దాని తోలు చూపి తల్లిని చేపించుచున్నాము! పాలకై పశువు ఆరోగ్యమునకు చేటు కలిగించు సూదిమందు లిచ్చుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము 12వ సెక్షను క్రింద నేరము. గడ్డిదూడ మాట ఆ సెక్షనులో లేదు. దానివలన దేహమునకు హాని లేదు గదా. బ్రిటిషు పార్లమెంటు 2022లో చేసిన చట్టము వెన్నెముకగల జంతువులను సుఖదుఃఖము లెఱుగు ప్రాణులుగా గుర్తించినది. దూడకై అరచు గేదెను చూచిన ఇల్లాలికి ఆ సంగతి పార్లమెంటు చెప్పవలెనా?

ఆ పాలనే పూజకును వాడుచున్నాము. కావున పాడిగల గృహస్థులును, గోవులను పోషించు మఠములవారును దీనిని విచారింపవలెను. పూర్వము కొన్ని ఇండ్లలో నాలుగు చన్నులలో ఒకటి దూడకు విడిచెడివారు. నేడు పాలకేంద్రమున ధర కట్టునది వెన్నశాతమును బట్టి. పొదుగున చివర దిగు పాలలోనే వెన్న హెచ్చు. అందుచే తుదిచుక్క వఱకు పిండిన పిదపనే దూడ త్రాడు విప్పుచున్నారు. అప్పుడది చీకునది వట్టి చన్నులనే.