మోచెయ్యి ఎక్కడుండాలి?

నా ఒంటిని ఎలా నిలబెట్టాలో మరొకరు చెప్పడం ఎప్పుడు విద్య అవుతుంది, ఎప్పుడు అదుపు అవుతుంది? 47 ఏళ్ళ వయసులో కర్ర విల్లు పట్టుకున్నాక ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

చూసేవాళ్ళ కళ్ళన్నీ విల్లు పట్టిన చేతిమీదే ఉంటాయి. బాణం తిన్నగా పోతుందా లేదా అన్నది చాలావరకు తేల్చేది మాత్రం నారి లాగే చెయ్యి. (నారి అంటే వింటితాడూ, ఆడమనిషీ కూడా. లాగడం, వంచడం, బిగించడం అనే మాటలు రెండింటికీ ఎంత సులువుగా అతుకుతాయో!) సైట్లూ స్టెబిలైజర్లూ లేని సంప్రదాయ విల్లు దగ్గర ఆ చెయ్యి ఏం చేసినా బయటపడిపోతుంది. మోచెయ్యి బాణంతో ఒకే గీతలో, లేదా దానికి కాస్త పైన ఉండాలి. మణికట్టు వంగకూడదు. వేళ్ళు కొక్కేల్లా నారిని పట్టుకుంటాయి, అంతే. లాగే పని వీపుది, భుజపు రెక్క వెన్నెముక వైపు జరగాలి. వేలు ప్రతిసారీ నోటి మూలనే తాకి ఆగాలి. వదిలాక చెయ్యి మెడ పక్కగా వెనక్కే పోవాలి. పక్కకి విసిరితే బాణమూ పక్కకే పోతుంది.

మా కోచ్ నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. మొదటి వారమంతా ఆమె నోట ఒకటే మాట: "మేడమ్, మోచెయ్యి దించకండి." బస్సులో, క్యూలో, సినిమాహాల్లో మోచేతుల్ని ఒంటికి అంటించుకుని బతికిన వాళ్ళం కదా మనం. ఐరిస్ మేరియన్ యంగ్ 1980లో 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' అనే వ్యాసంలో చెప్పింది దీని గురించే. ఆడపిల్ల బంతి విసిరేటప్పుడు ఒళ్ళంతా వాడకపోవడం స్వభావం కాదు, ఆమె బతికే పరిస్థితి అని ఆమె వాదన. ఒప్పుకుంటాను. కానీ అదుపు తొలగితే చాలు, శరీరం తనంతట తానే విచ్చుకుంటుందన్న ఆశ విల్లు దగ్గర పనికిరాదు. చోటు ఆక్రమించడం కూడా ఎవరో ఒకరు నేర్పాల్సిందే.

మరి "మోకాళ్ళు దగ్గరపెట్టుకుని కూర్చో" అన్న అమ్మమ్మ మాటకీ కోచ్ మాటకీ తేడా ఏమిటి? అమ్మమ్మ మాటకి కారణం చూసేవాళ్ళ కళ్ళలో ఉంది. కోచ్ మాటని నేనే బాణం వేసి పరీక్షించుకోగలను. మొదట్లో ఈ జవాబు చాలనిపించింది. ఏకలవ్యుడు గుర్తొచ్చాక చాలదనిపించింది. ద్రోణుడు అడిగింది నారి లాగే చేతి బొటనవేలు. మూడు వేళ్ళతో లాగే పద్ధతిలో దానికి పెద్ద పని లేదు. బొటనవేలితో లాగే ఆసియా పద్ధతిలో అదే కొక్కెం. మిగిలిన వేళ్ళతో బాణం వేసినా మునుపటి వేగం రాలేదని భారతమే చెబుతుంది. ఎక్కడ కోస్తే విద్య పోతుందో ఆ గురువుకి కచ్చితంగా తెలుసు. అతని జ్ఞానంలో లోపమేమీ లేదు. అయితే ఆ కోతవల్ల లాభం అర్జునుడికి, కాదనే వీలు నిషాదుడి కొడుక్కి లేదు. స్త్రీలు విల్లు పట్టినా ఇలాంటి కథే పుట్టింది. అమెజాన్లు కుడి రొమ్ము కోసుకునేవారని గ్రీకులు రాసుకున్నారు, తమ శిల్పుల చేత మాత్రం రెండూ చెక్కించుకున్నారు.

కాబట్టి నేనిప్పుడు చూసేది కాదనే వీలు ఉందా అని. మా కోచ్ "మోచెయ్యి ముట్టుకోవచ్చా మేడమ్?" అని అడిగి, రెండు వేళ్ళతో పైకి లేపుతుంది. ఇవాళ వద్దంటే తన చెయ్యి ఎత్తి చూపిస్తుంది, లేదా రబ్బరు బ్యాండు ఇచ్చి లాగమంటుంది. ఒక్కోసారి గడ్డి దిమ్మకి దగ్గరగా నిలబెట్టి, కళ్ళు మూసుకుని వెయ్యమంటుంది. గురి ఉండదు కాబట్టి వీపు కదలిక తెలుస్తుంది. వద్దన్నందుకు పాఠం ఆగదు.

కానీ నేను ఫీజు కట్టే ప్రొఫెసర్ని. పన్నెండేళ్ళ పిల్లల్ని కూడా ఇలాగే అడుగుతావా అన్నాను ఒకరోజు.

"ఇప్పుడు అడుగుతున్నా మేడమ్. నన్నైతే ఎవరూ అడగలేదు," అంది, దిమ్మలోంచి బాణాలు లాగుతూ.