నాలుగవ మచ్చ

క్రొత్త వస్తువు ఇంటికి వచ్చినప్పుడు దానిని మనము ఎట్లు చూతుమో ఎన్నడైనను గమనించితిరా? పాత కుండకు అంచు విరిగినను నీళ్లు నిలిచిన చాలునందుము. క్రొత్త కుండను మాత్రము వ్రేలితో కొట్టి, వెలుగునకు పట్టి, చుట్టును త్రిప్పి చూతుము. అది తప్పు కాదు. కష్టార్జితము పెట్టి కొనువాడు చూచియే కొనవలెను. అయితే ఆ చూపు ఎంతవరకు న్యాయము, ఎక్కడనుండి అన్యాయము అను ప్రశ్న యున్నది. లక్సెట్టిపేట ప్రాంతమందలి మా చిన్న సంఘమునకు ఈ ప్రశ్నను ఒక బేస్ గిటారు తెచ్చి పెట్టినది.

మా యౌవనస్థులు దానికొరకు రెండేండ్లు అడిగిరి. ఢోలకు ఉన్నది, కీబోర్డు ఉన్నది; పాటకు అడుగున నిలిచి మోయు స్వరము మాత్రము లేదనిరి. బీడీలు చుట్టు తల్లులు వారమునకు ఇరువది రూపాయల చొప్పున ఇచ్చిరి. వరికోతలైన పిదప రైతులు తమకు తోచినంత ఇచ్చిరి. పద్దెనిమిది వేల రూపాయలు కూడెను. ఒక పడుచువాడు పట్టణమునకు పోయి గిటారు కొని, రైలులో మంచిర్యాల వచ్చి, అక్కడనుండి బస్సులో తెచ్చెను. శనివారము సాయంకాలము గుడిలో అందరి యెదుట సంచి విప్పితిమి.

నల్లగా నిగనిగలాడుచుండెను. అయితే దీపము క్రింద త్రిప్పి చూడగా మచ్చలు కనబడెను. మెరుగు క్రింద ఆవగింజంత ధూళి చిక్కియుండెను, అది ఒకటి. అంచున మెరుగు కారి గట్టిపడి చిన్న బొట్టుగా నిలిచియుండెను, అది రెండు. మెడ వచ్చి మొండెముతో కలియు చోట వెండ్రుకవంటి గీత యుండెను, అది మూడు. క్రింది అంచున గోరంత పెచ్చు లేచి లోపలి కర్ర కనబడుచుండెను, అది నాలుగు.

"పద్దెనిమిది వేలు పోసి మచ్చల సరుకు తెచ్చినవా తమ్మీ?" అని ఒకరనిరి. "కండ్లు ఎక్కడ పెట్టుకున్నవ్?" అని మరియొకరనిరి. తెచ్చినవాడు తల వంచుకొని ఊరకుండెను. దుకాణదారునికి ఉత్తరము వ్రాయుటకు కాగితము నా చేతికిచ్చిరి. నేను నాలుగు మచ్చలను వ్రాసితిని. "శబ్దము కూడ సరిగా లేదని వ్రాయుండ్రి సార్, అట్లయితెనే తిరిగి తీసుకుంటరు" అని ఎవరో అనగా దానిని కూడ వ్రాసితిని. అప్పటికి దానిని ఎవరును వాయించియుండలేదు! తీగను కూడ ముట్టియుండలేదు.

వెనుక కూర్చున్న ఒక అవ్వ, "పాటకు పనికొస్తదా లేదా బిడ్డా? ముందుగాల గది చూడుండ్రి" అనెను. మాకు సిగ్గు కలిగి, కాగితము ప్రక్కన పెట్టి, వాయించి చూచితిమి.

ఈ వాద్యము పనిచేయు విధము కొంచెము తెలిసిననే మచ్చల విలువ తెలియును. బొబ్బిలి వీణను పనస కర్రతో చేయుదురు. తీగ మ్రోగగా వీణ బుర్ర దానితో కూడ మ్రోగి ధ్వనిని పెంచును. విద్యుత్తుతో పనిచేయు బేస్ గిటారు అట్టిది కాదు. దాని మొండెము సాధారణముగా గట్టి కర్రపలక. ఉక్కు తీగ కదలగా, దాని క్రిందనున్న అయస్కాంతపు చుట్టలో సన్నని విద్యుత్తు పుట్టును. దానిని పెట్టె పెద్దదిచేసి వినిపించును. ఇట్టి వాద్యమునకు పేరు తెచ్చినవాడు అమెరికాలో మొదట రేడియోలు బాగుచేయు దుకాణము నడిపిన లియో ఫెండర్. ఆయన ప్రెసిషన్ బేస్ 1951లో వచ్చెను. దీని నాలుగు తీగలలో లావైనది క్షణమునకు ఇంచుమించు 41 మారులు కదలును. ఆ కదలికను మెరుగులోని ధూళిరేణువు ఏమి చేయగలదు?

చెడగొట్టునవి వేరే యున్నవి. మెడ వంగిన చెడును. మెట్లు ఎగుడుదిగుడైన తీగ గరగరలాడును. బిరడాలు నిలువనియెడల శ్రుతి జారును. పండ్రెండవ మెట్టుపై నొక్కిన స్వరము, అదే చోట తీగను తేలికగా ముట్టి పలికించిన స్వరము ఒక్కటి కానియెడల పైకి పోవుకొలది అపశ్రుతి పలుకును. మెడ దగ్గర గీతను కూడ పరీక్షింపవలెను. మెడను మెల్లగా ఒత్తినప్పుడు గీత తెరచుకొనిన అది కర్రలోని పగులు కావచ్చును. కదలనియెడల పై మెరుగుదే యని నమ్మవచ్చును. మేము ఇవన్నియు చూచితిమి. మెడ సరిగా నుండెను. గీత కదలలేదు. స్వరము గుడి గోడలదాక నిండెను. నేను వ్రాసిన అయిదవ మాట అబద్ధమని తేలిపోయెను.

మెరుగు పెట్టుట ఎంత కష్టమో మన ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. లక్సెట్టిపేటనుండి జన్నారము మీదుగా పోవు బాట నిర్మలును చేరును. అక్కడి బొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు దొరికినది. తేలికైన పొనికి కర్రను చెక్కి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన లప్పముతో అతుకులు కప్పి, ఆరబెట్టి, నునుపుచేసి, పిదప రంగు వేయుదురు. తడి రంగుపై గాలి ఒక్క నలుసు తెచ్చి వేసిన ఆ పని చెడును. కర్మాగారములోను అంతే. మచ్చను చూచినప్పుడు దాని వెనుక ఒక పనివాని చేయి యున్నదని తలంచుట మంచిది.

ఆ రాత్రి, తెచ్చిన పడుచువాడు మా యింటికి వచ్చెను. "సార్, ఆ పెచ్చు దుకాణపోళ్లది కాదు. మంచిర్యాలల రైలు దిగంగ మెట్ల ఇనుపకమ్మికి తగిలింది. నాది తప్పు. అందరు అట్ల అంటుంటె నోరు రాలె" అనెను.

ప్రియ చదువరులారా, వానికంటె నేనే ఎక్కువ సిగ్గుపడితిని. వాడు భయమువలన ఊరకుండెను. నేను ఏ భయమును లేకయే సిరాతో అబద్ధము వ్రాసితిని. పైగా వానిని భయపెట్టినది మా మాటలే గదా!

కొనునప్పుడు సరుకును హీనపరచి, ఇంటికి పోయి మంచి బేరమని అతిశయపడువానిని గూర్చి సామెతల గ్రంథము ఇరువదవ అధ్యాయమున చదువుదుము. నేను ఆ మనిషినైతిని. "దేవుని మందిరమునకు మచ్చ లేనిదే కావలెను, లేవీయకాండములో లేదా?" అని మాలో ఒకరు వాదించిరి. ఉన్నది. అయితే మలాకీ గ్రంథమున ప్రవక్త గద్దించినది ఎవరిని? మంచిదానిని తనకు దాచుకొని, కుంటిదానిని దేవునికి తెచ్చినవానిని. మా తల్లులు అట్లు చేయలేదు. తమ చేతిలోనున్న మంచిదే యిచ్చిరి. మందిరములో మచ్చ వచ్చినదన్న, అది గిటారు అంచున కాదు, నా కాగితము మీద.

అట్లని మచ్చలను చెప్పకూడదా? చెప్పవలెను. క్రొత్తదని వెల తీసికొనినవాడు క్రొత్తదే ఇయ్యవలెను. కొనువాని హక్కులకొరకు 2019లో చట్టము కూడ చేయబడినది. ఊరకుండుట ఎల్లప్పుడు ఓర్పు కాదు. ఒక్కొక్కప్పుడు అది సోమరితనము. కాని ఉన్నదానిని ఉన్నంతే చెప్పవలెను. నేను మొదటి కాగితమును చింపి, మరియొకటి వ్రాసితిని: మచ్చలు మూడు, నాలుగవది ప్రయాణములో మా చేత జరిగినది, శబ్దము బాగుగా నున్నది. దుకాణదారుడు, మార్చి యిచ్చెదను, లేక వెయ్యి రూపాయలు తగ్గించెదనని తెలిపెను. సంఘము వెయ్యి తీసికొని, గిటారునకు గట్టి పెట్టె కొనెను. ఆదివారము ఆ పడుచువాడు సంఘమెదుట నాలుగవ మచ్చ సంగతి చెప్పెను. నేను అయిదవ మాట సంగతి చెప్పితిని.

ఇంకొక్క మాట. గిటారును ఇట్లు త్రిప్పి చూచిన మనము మనుష్యులను ఎట్లు చూచుచున్నాము? పెండ్లిచూపులకు పోయి, పిల్ల చేతిమీద చిన్ననాటి కాలిన మచ్చ చూచి, మాట చెప్పకయే లేచి వచ్చినవారు మనలో లేరా? ఆ పిల్ల గుణమెట్టిదో, మాటయెట్టిదో అడిగితిమా? గిటారునైనను వాయించి చూచితిమి. ఆమెకు ఆ పాటి న్యాయమైనను చేయలేదు. బేత్లెహేములో యెష్షయి కుమారులను చూచిన సమూయేలు వంటి ప్రవక్తయే పై రూపమునకు లోబడబోయెను, మనమెంత?

ఇప్పుడు ఆ గిటారుకు మచ్చలు నాలుగు కాదు, పది యున్నవి. కీర్తన మొదలైనప్పుడు ఎవరును వాటిని లెక్కపెట్టరు. నాలుగవది మాత్రము నాకు కనబడుచుండును. కనబడుట మేలే. ఇతరుల పనిలో తప్పు వ్రాయుటకు కలము తీసినప్పుడెల్ల, అందులో నాది ఎంత అని అది నన్నడుగుచున్నది.